కొమ్మాదిలో 180 గజాల స్థలం, కింద షాపు, పైన ఇల్లు: ప్లాన్ అనుమతికి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉప్పుగాలి

అందరికీ నమస్కారం. విశాఖలోని కొమ్మాదిలో మాకు 180 గజాల స్థలం ఉంది, 2012లో కొన్నాం. రిజిస్టరు దస్తావేజు, దాని వెనక లింకు డాక్యుమెంట్లు అన్నీ ఉన్నాయి. లేఅవుటు మాత్రం అప్పట్లో ఒక ప్రైవేటు పార్టీ వేసింది. కాగితాలన్నీ తిరగేశాను, ఎల్పీ నంబరు, అంటే లేఅవుటు అనుమతి నంబరు, ఎక్కడా కనబడలేదు. తూర్పు ముఖం, ముప్పై అడుగుల వెడల్పు, యాభై నాలుగు అడుగుల లోతు. ముందు ముప్పై అడుగుల రోడ్డు.

కింద నేను మందుల షాపు పెట్టుకోవాలి. ఫార్మసీ చదివాను, ఇప్పుడు ఒకరి దగ్గర పనిచేస్తున్నాను. పైన రెండంతస్తుల్లో ఒకటి మాకు, ఒకటి అత్తమామలకు. మావారు ఓడ మీద పనిచేస్తారు, ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రంలోనే ఉంటారు. ఆఫీసు పనులన్నీ నేనే చూసుకోవాలి.

అనుమతి జీవీఎంసీ (నగర కార్పొరేషన్) ఇస్తుందా, వీఎంఆర్డీఏ (మహానగర అభివృద్ధి సంస్థ) ఇస్తుందా? తాపీమేస్త్రి "శ్రావణంలో ముహూర్తం చూసి పునాది తీసేద్దాం, ప్లాను దానిపాటికది వస్తుంది" అంటున్నాడు. అలా చేయొచ్చా? ఇంకొకాయన ఖర్చు మొత్తం తన చేతికిస్తే అన్నీ తానే చూసుకుంటానంటున్నాడు. బ్యాంకు లోను కూడా కావాలి. ఏది ముందో ఏది వెనకో తెలియక టెన్షన్‌గా ఉంది.

కంచరపాలెం కుర్రాడు

అక్కా, కొమ్మాది జీవీఎంసీ పరిధే. అనుమతి జీవీఎంసీ టౌన్ ప్లానింగ్ విభాగం ఇస్తుంది. వీఎంఆర్డీఏ దగ్గరకు వెళ్లాల్సింది కార్పొరేషన్ హద్దు దాటిన పంచాయతీల వాళ్లు. సిరిపురంలో వీఎంఆర్డీఏ ఆఫీసున్న ఉద్యోగ్ భవన్ చుట్టూ తిరిగి టైము పోగొట్టుకోకండి. పునాది మాత్రం ఇప్పుడు తీయొద్దు.

స్కేలూ పెన్సిలూ

అమ్మా, నేను ఎల్టీపీని. అంటే కార్పొరేషన్ దగ్గర లైసెన్సున్న టెక్నికల్ మనిషిని. మీలాంటి వాళ్ల ప్లాన్లు వేసి ఆన్‌లైన్‌లో పెట్టడమే నా పని. కొంచెం వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

అందరూ డ్రాయింగుతో మొదలుపెడతారు. నేను స్థలంతో మొదలుపెట్టమంటాను. ఫైలు ఆగిపోయేది ఎక్కువగా గదుల కొలతల దగ్గర కాదు, భూమి దగ్గరే. ముందు మీ దస్తావేజులో సర్వే నంబరు చూసి, అది 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ సైటులో చూసుకోండి. మధురవాడ, కొమ్మాది, పరదేశిపాలెం వైపు ఒకే సర్వే నంబరులో సగం పట్టా భూమి, సగం ప్రభుత్వ భూమి ఉన్న చోట్లున్నాయి. డీ-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి, చేతులు మారినవీ ఉన్నాయి. మీరు 2012లో రిజిస్టరు చేయించుకున్నా ఆ నంబరు తర్వాత జాబితాలోకి ఎక్కి ఉండొచ్చు.

రెండోది ఈసీ, అంటే స్థలం మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం. కొన్న తేదీ నుంచి కాదు, కనీసం లింకు డాక్యుమెంట్ల మొదటి తేదీ నుంచి తీయించండి. మూడోది యూఎల్సీ. పట్టణ భూపరిమితి చట్టం 1976లో వచ్చింది, మన రాష్ట్రంలో 2008లో రద్దయింది. రద్దయినా, అప్పటికే మిగులు భూమిగా ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న నంబర్లు అలాగే ఉండిపోయాయి. నాలుగోది మాస్టర్ ప్లాన్. 2041 మాస్టర్ ప్లాన్‌లో మీ స్థలం నివాస జోనులో ఉందా, మీ ముందు రోడ్డును భవిష్యత్తులో వెడల్పు చేసే ప్రతిపాదన ఉందా అని చూడాలి. ప్రతిపాదన ఉంటే ఆ మేర స్థలం వదిలిన తర్వాతే సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) లెక్క మొదలవుతుంది.

ఎల్పీ నంబరు లేకపోవడం పెద్ద విషయమే గానీ దారి లేని విషయం కాదు. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల క్రమబద్ధీకరణకు 2020లో ఎల్‌ఆర్‌ఎస్ స్కీము పెట్టారు. 2019 ఆగస్టు 31 లోపు రిజిస్టరైన ప్లాట్లకు అది వర్తించింది. 2025లో మళ్లీ తెరిచారు. మీది 2012 దస్తావేజు కాబట్టి తేదీతో ఇబ్బంది లేదు. మీరు గానీ మీ పెద్దవాళ్లు గానీ అప్పుడు దరఖాస్తు పెట్టారేమో ముందు కనుక్కోండి, పాత రసీదు దొరికితే సగం పని అయినట్టే. పెట్టకపోతే ఖాళీ స్థలం వాటా కింద ప్లాటు విలువలో 14 శాతం లెక్క పడుతుంది. లేఅవుటు వేసినవాళ్లు పార్కుకు వదలాల్సిన భూమి వదల్లేదు కాబట్టి ఆ భారం కొన్నవాళ్ల మీద పడుతుందన్నమాట. బడ్జెట్‌లో ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టుకోండి.

ఈ నాలుగూ చూశాక డ్రాయింగు గురించి మాట్లాడుకుందాం.

ఉప్పుగాలి

చాలా కృతజ్ఞతలండీ. ఎల్‌ఆర్‌ఎస్ గురించి మామయ్యగారిని అడిగాను. ఏదో కట్టినట్టు గుర్తుందంటున్నారు, బీరువా వెతుకుతున్నాం. మా స్థలానికి ఇప్పటిదాకా ఇంటిపన్ను లేదు, ఖాళీ స్థలమే. దానికేమైనా కట్టాలా?

పాతఫైలు

కట్టాలి. దాన్ని వీఎల్‌టీ అంటారు, ఖాళీ స్థలం పన్ను. అసెస్‌మెంట్ చేయించి రసీదు తీసుకోండి. ప్లాను దరఖాస్తుకు అది జతచేయాలి. దరఖాస్తు రోజున హడావిడిగా వెతుక్కునే బదులు ముందే మీ వార్డు సచివాలయంలో అడిగితే సరిపోతుంది. 2019 నుంచి ప్రతి వార్డులో ప్లానింగ్ కార్యదర్శి ఉంటారు, స్థలం చూడ్డానికి వచ్చేది కూడా చాలాసార్లు వాళ్లే.

నేను ఇక్కడ కాదుగానీ ఇంకో కార్పొరేషన్‌లో టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మేస్త్రి మాట గురించి ఒక్క విషయం చెబుతాను. అనుమతి లేకుండా పునాది తీస్తే మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 452, 461 సెక్షన్ల కింద నోటీసు వస్తుంది. నోటీసు ఒకసారి రికార్డులోకి ఎక్కితే, తర్వాత మీరు ఎంత నిబంధనల ప్రకారం దరఖాస్తు పెట్టినా ఆ ఫైలును మొదట అనుమానంతోనే తెరుస్తారు. బ్యాంకువాళ్లు కూడా ప్లాను అనుమతి చూడనిదే మొదటి విడత ఇవ్వరు.

ఇటుకబట్టీ

అందరూ ఆగమంటున్నారు. నేను చిన్న బిల్డర్ని, గోపాలపట్నం, పెందుర్తి వైపు ఇళ్లు కడతాను. నా మాట కూడా వినండి. ఫైలు ఆగినన్ని రోజులూ అద్దె మీరే కట్టాలి. ఇనుము రేటు మీకోసం ఆగదు. పనివాళ్లు వేరే సైటుకు పోతారు. ఊళ్లో సగం ఇళ్లు మొదలుపెట్టాకే ప్లాను తెచ్చుకున్నాయి. అనుమతి వచ్చేదాకా గడ్డపార ముట్టొద్దనడం చదువుకునేటప్పుడు బాగుంటుంది, ఇల్లు కట్టేవాడికి కాదు.

స్కేలూ పెన్సిలూ

మీ బాధ నాకు తెలుసండీ, మీలాంటి బిల్డర్లతోనే రోజూ పనిచేస్తాను. అయితే ఆ సగం ఇళ్లలో ఎన్నింటికి ఓసీ, అంటే ప్లాను ప్రకారం కట్టారు, ఇక ఉండొచ్చు అని ఇచ్చే పత్రం, వచ్చిందో కూడా చూడండి. ప్లాను తర్వాత తెచ్చుకోవచ్చనుకుని పిల్లర్లు లేపినవాళ్లు, గీసిన ప్లానుకు కట్టినదాన్ని సరిపెట్టలేక చిక్కుకుంటారు. పిల్లరు ఒకసారి అరమీటరు అవతల పడ్డాక సెట్‌బ్యాక్ ఎక్కడి నుంచి తెస్తాం?

ఈ అమ్మగారికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. షాపుకు డ్రగ్ లైసెన్సు కావాలి. అక్కడ కట్టడం కాగితాలు అడుగుతారు. కింద అంతస్తు ప్లానులో పార్కింగు అని ఉండి అక్కడ షట్టరు కనబడితే రెండు చోట్లా దెబ్బతింటారు.

ఇటుకబట్టీ

షాపు లైసెన్సు సంగతి నేను ఆలోచించలేదు. ఆ కేసు వేరే, ఒప్పుకుంటాను. కానీ ఊరికే కూర్చోమనకండి. ఆగే రోజుల్లో మట్టి పరీక్ష చేయించుకోవచ్చు కదా. ఆ వైపు కొన్ని ప్లాట్లలో రెండడుగులకే రాయి తగులుతుంది, కొన్ని కొండవాలు పూడ్చి చదును చేసినవి. పూడ్చిన మట్టి మీద మామూలు పునాది వేస్తే తర్వాత గోడలు బీటలిస్తాయి. మట్టి సంగతి తెలియకుండా ఇంజినీరు పిల్లర్ల సైజు ఎలా చెబుతాడు?

స్కేలూ పెన్సిలూ

ఇది మంచి మాట. మట్టి పరీక్ష, స్థలం కొలతలు, రోడ్డు లెవెలు ఇవన్నీ ఆగే రోజుల్లో చేయాల్సినవే. స్ట్రక్చరల్ ఇంజినీరుతో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. 2016 నాటి భూకంప ప్రమాణాల్లో విశాఖ రెండో జోను, అంటే తక్కువ ప్రమాదం. గాలి విషయంలో అలా కాదు. ప్రమాణాల ప్రకారం మన ఊరికి సెకనుకు 50 మీటర్ల గాలి వేగం లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు డాబా మీద రేకుల షెడ్లు ఎక్కడెక్కడికి ఎగిరిపోయాయో చూసినవాళ్లెవరూ ఈ లెక్కను తేలిగ్గా తీసుకోరు. పైన రేకులు వేసే ఆలోచన ఉంటే ప్లానులోనే చూపించి, సరిగ్గా బిగించేలా డిజైను చేయించండి.

వేపగుంట వాసి

ఈ థ్రెడ్ చదువుతుంటే మనసు కలుక్కుమంటోంది. మాది పంచగ్రామాల్లోని ఇల్లు. అడివివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి వాళ్లకు ఈ ప్రశ్నలు అడిగే అవకాశం కూడా లేదు. సింహాచలం దేవస్థానం భూముల వివాదం తేలనంతవరకు మాకు ప్లాను రాదు, లోను రాదు. తాతల నాటి పెంకుటిల్లు కురుస్తుంటే పైన టార్పాలిన్ కప్పుకుంటున్నాం. అమ్మాయి పెళ్లికి ఇల్లు తాకట్టు పెట్టుకోవడానికి కూడా లేదు. దేవుడి మీద మాకు కోపం లేదు, చందనోత్సవానికి ఇంటిల్లిపాదీ క్యూలో నిలబడేవాళ్లం. ఏళ్ల తరబడి ఇలా ఎటూ కాకుండా ఉండటమే భరించలేకపోతున్నాం.

కొమ్మాది అమ్మా, మీకు కాగితం వచ్చే దారి ఉంది. దాన్ని తొందరపడి పాడుచేసుకోకండి.

పాతఫైలు

వేపగుంట వాసి గారూ, మీ మాట నిజం. అక్కడ ఇబ్బంది టౌన్ ప్లానింగ్‌ది కాదు, భూమి హక్కుది. హక్కు చూపించలేనప్పుడు ప్లాను పరిశీలనకే రాదు. ఆ ఊళ్లలో స్థలం కొనమని ఎవరైనా తక్కువ ధర చెబితే, ధర ఎందుకు తక్కువో ఈ పోస్టు చదివినవాళ్లకైనా తెలియాలి.

ఉప్పుగాలి

వేపగుంట వాసి గారూ, మీకు త్వరలో మేలు జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

నా సంగతి: 22ఏ జాబితాలో మా సర్వే నంబరు లేదు. ఈసీ శుభ్రంగా ఉంది. మాస్టర్ ప్లాన్‌లో నివాస జోనే. బీరువాలో ఎల్‌ఆర్‌ఎస్ రసీదు దొరికింది! కొంత కట్టి వదిలేశారట, మిగతాది కట్టి ప్రొసీడింగ్స్ (ఉత్తర్వు కాగితం) తీసుకోవాలి. ఆ పని మొదలుపెట్టాను. మొత్తం డబ్బు తన చేతికివ్వమన్నాయనకు వద్దని చెప్పేశాను. ఇప్పుడు డ్రాయింగు గురించి చెప్పండి. 180 గజాల్లో ఎంత కట్టుకోవచ్చు? మేస్త్రి మెట్లు బయట, ఆగ్నేయంలో పెట్టాలంటున్నాడు.

స్కేలూ పెన్సిలూ

మంచి వార్త. డబ్బు విషయంలో కూడా మంచి పని చేశారు. ప్రభుత్వానికి కట్టే ప్రతి రూపాయీ ఆన్‌లైన్‌లో చలానా మీద కడతారు, రసీదు వస్తుంది. ఎల్టీపీ ఫీజు వేరు. రెండూ కలిపి ఒకే మొత్తం చెప్పేవాళ్లను ఏది ఎంతో విడదీసి అడగండి.

ఇక లెక్క. 180 గజాలంటే దాదాపు 150 చదరపు మీటర్లు. 2017 భవన నిబంధనల్లో, అంటే జీవో 119లో, 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటు ఒక వరసలోకి వస్తుంది. పది మీటర్ల ఎత్తు లోపు కడితే ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. మీ వెడల్పు ముప్పై అడుగులు, అంటే 9.14 మీటర్లు. రెండు పక్కలా మీటరు పోతే 7.14 మీటర్లు. లోతులో రెండున్నర మీటర్లు పోతే దాదాపు 13.96 మీటర్లు. ఒక్కో అంతస్తుకు సుమారు 1,070 చదరపు అడుగులు వస్తుంది. పది మీటర్లలో గ్రౌండ్ మీద రెండంతస్తులు సుఖంగా పడతాయి. పిట్టగోడ, పైన నీళ్ల ట్యాంకు, మెట్ల గది ఎత్తు లెక్కలోకి రావు. నిబంధనలకు సవరణలు వస్తుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున మీ ఎల్టీపీ ఇంకోసారి పట్టిక చూస్తారు.

మెట్లు బయట అనే మాట దగ్గరే ఎక్కువ ఇళ్లు చిక్కుల్లో పడతాయి. సెట్‌బ్యాక్‌లో మెట్లు రావు. అవతల పక్కింటి గోడ, ఇవతల మీ గోడ, మధ్యలో ఆ మీటరు సందు గాలికీ వెలుతురుకీ ఉంచింది. అగ్నిప్రమాదం జరిగితే మనిషి వెనక్కి వెళ్లేదీ అందులోంచే. అక్కడ మెట్లు వేస్తే ఆ సందు మూసుకుపోతుంది. ఆగ్నేయమే కావాలంటే ఆ 7.14 మీటర్ల లోపల, ఆగ్నేయ మూలన మెట్ల గది పెట్టించండి. షాపు వెడల్పు కొంత తగ్గుతుంది. రిటైల్ మందుల షాపు లైసెన్సుకు కనీసం పది చదరపు మీటర్లు చాలు, మీకు అంతకన్నా ఎక్కువే మిగులుతుంది.

షాపు ముందు మెట్లు, ర్యాంపు కూడా మీ మీటరున్నరలోనే అయిపోవాలి. కాలువ మీదికి గానీ రోడ్డు మీదికి గానీ తీసుకెళ్లకండి. మీ దగ్గరకు వచ్చేది ఎక్కువగా వృద్ధులు, రోగులు కదా. రోడ్డు లెవెలుకు దగ్గరగా ప్లింత్ (ఇంటి నేల మట్టం) పెట్టించి చిన్న ర్యాంపు వేయిస్తే వాళ్లకు కష్టం ఉండదు. మరీ కిందికి దిగితే మాత్రం వానాకాలం నీళ్లు లోపలికి వస్తాయి. అందుకే రోడ్డు లెవెలు ముందే కొలిపించమన్నాను.

ఇంకొకటి. 2025లో 18 మీటర్ల లోపు నివాస భవనాలకు సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతి తెచ్చారు. యజమాని, ఎల్టీపీ కలిసి ధ్రువీకరించి ఫీజు కడితే అనుమతి త్వరగా వస్తుంది. తనిఖీ తర్వాత జరుగుతుంది. బాధ్యత అంతా మన సంతకం మీద ఉంటుంది. మీకు కింద షాపు ఉంది కాబట్టి ఏ దారిలో పెట్టాలో డ్రాయింగు వేయకముందే మీ ఎల్టీపీతో తేల్చుకోండి. షాపును ఇల్లుగా చూపించి ఆ దారిలో వెళదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

అలలహోరు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకు లాసన్స్ బే దగ్గర పాత డాబా ఇల్లు ఉంది. పైన ఒక అంతస్తు వేద్దామంటే సీఆర్‌జెడ్ అని భయపెడుతున్నారు. బీచ్ రోడ్డుకు ఇవతల ఉన్నా వర్తిస్తుందా?

పాతఫైలు

సీఆర్‌జెడ్, అంటే తీర ప్రాంత నియంత్రణ జోను, లెక్క పోటు రేఖ నుంచి 500 మీటర్ల వరకు ఉంటుంది. కాబట్టి బీచ్ రోడ్డు దాటి ఇవతల ఉన్నంతమాత్రాన బయటపడినట్టు కాదు. అయితే ఇప్పటికే అభివృద్ధి చెందిన పట్టణ ప్రాంతం రెండో తరగతిలోకి వస్తుంది. అక్కడ ముందు నుంచీ ఉన్న రోడ్డుకు గానీ అనుమతి ఉన్న పాత కట్టడాల వరసకు గానీ భూమి వైపు ఉంటే కట్టుకునే వీలుంటుంది, నిబంధనలకు లోబడి. ముందు మీ స్థలం మ్యాపులో ఏ తరగతిలో పడుతుందో అధికారికంగా గుర్తింపజేయించుకోండి. రెండోది, పాత ఇంటి పునాది ఇంకో అంతస్తు మోస్తుందో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరుతో రాయించుకోండి. సముద్రపు గాలికి పాత స్లాబుల్లో ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. అనుమతి వచ్చినా ఇల్లు మోయలేకపోతే ఏం లాభం?

ఎన్ఏడీ మలుపు

ఎత్తు విషయం కూడా చేర్చండి. మన విమానాశ్రయం నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా. మర్రిపాలెం, గోపాలపట్నం, మల్కాపురం చుట్టుపక్కల అపార్టుమెంటు కట్టేవాళ్లు ఎత్తుకు నేవీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చూసుకోవాలి. నేవీ స్థలాల ప్రహరీ పక్కన ఉన్నవాళ్లకు చిన్న ఇంటికైనా దూరం ప్రశ్న వస్తుంది.

మూడో ఫ్లోరు

మేం అపార్టుమెంటులో ఉంటాం. బిల్డరు ప్లానులో లేని పెంట్‌హౌస్ కట్టి అమ్మేశాడు, ఓసీ తీసుకోలేదు. ఇప్పుడు ఫ్లాటు అమ్ముదామంటే కొనేవాళ్ల బ్యాంకు ఓసీ అడుగుతోంది. ఓసీ అంటే అంత ముఖ్యమని కొన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఇదేమైనా బాగుపడుతుందా?

స్కేలూ పెన్సిలూ

సెట్‌బ్యాక్‌లో పది శాతం లోపు తేడా అయితే జరిమానాతో సర్దే వీలు నిబంధనల్లోనే ఉంది. ప్లానులో లేని అంతస్తుకు అది చాలదు. అలాంటివాటికే బీపీఎస్ స్కీములు, అంటే జరిమానాతో కట్టడాలను క్రమబద్ధీకరించేవి, పెడతారు. 2019 నాటి స్కీము 1985 జనవరి 1 నుంచి 2018 ఆగస్టు 31 మధ్య కట్టినవాటికి వర్తించింది. మీ భవనం ఎప్పుడు కట్టారో, అప్పుడు ఎవరైనా దరఖాస్తు పెట్టారో లేదో అసోసియేషన్ రికార్డుల్లో చూడండి. ఇంకో విషయం, అపార్టుమెంట్లలో కట్టిన విస్తీర్ణంలో పది శాతం కార్పొరేషన్‌కు తాకట్టు పెట్టించుకుని, ఓసీ ఇచ్చేటప్పుడు విడుదల చేసే పద్ధతి ఉండేది. ఆ తాకట్టులో ఉన్న ఫ్లాటు ఏదో ఒకటి మీ భవనంలో ఉంటుంది. అది ఎవరిదో కూడా తెలుసుకోండి. వాళ్లకు మీకన్నా ఎక్కువ అవసరం ఈ ఓసీ.

కొత్తగా ఫ్లాటు కొనేవాళ్లకు: స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు అడగండి.

గాజువాక గంట

ఫంక్షన్ హాలు కట్టాలనుకుంటున్నాను. ఇవే రూల్సా?

పాతఫైలు

కాదు. ఫంక్షన్ హాళ్లు, స్కూళ్లు, సినిమా హాళ్ల లాంటి జనం గుమిగూడే కట్టడాలకు ఎత్తు ఆరు మీటర్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా ముందే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలి. మామూలు వాణిజ్య భవనానికి ఆ గీత 15 మీటర్లు, నివాసానికి 18. మీకు రోడ్డు వెడల్పు, పార్కింగు రెండూ కుదరకపోతే మిగతావి చూడక్కర్లేదు. పెళ్లి రోజున వీధంతా కార్లతో నిండిపోయే హాలు ఎవరికీ వద్దు. వేరే థ్రెడ్ పెట్టండి, స్థలం వివరాలతో.

నిర్వాహకులు

దయచేసి ఎల్టీపీల, అధికారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ రాయకండి. ఒక పోస్టు తీసేశాం. చర్చ బాగా నడుస్తోంది, కొనసాగించండి.

ఉప్పుగాలి

మళ్లీ నేనే. ప్లాను ఆన్‌లైన్‌లో పెట్టాం, షార్ట్‌ఫాల్ పడింది. స్థలం కొలిస్తే లోతు యాభై నాలుగడుగులకు బదులు యాభై రెండున్నర వస్తోంది! వెనక ప్లాటు వాళ్ల ప్రహరీ మా వైపు జరిగి ఉండొచ్చని మా ఎల్టీపీ అంటున్నారు. మామయ్యగారు గొడవకు దిగుతామంటున్నారు. అత్తయ్యగారు పోనీ వదిలేద్దామంటున్నారు. ఏం చేయాలి?

స్కేలూ పెన్సిలూ

షార్ట్‌ఫాల్ అంటే తిరస్కరణ కాదమ్మా, కంగారు పడకండి. సమాధానం పెడితే ఫైలు మళ్లీ కదులుతుంది. దస్తావేజులో ఉన్నది, నేల మీద ఉన్నది వేరైతే తక్కువ ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అడుగున్నర అంటే 0.46 మీటరు. ఇల్లు ఆ మేర చిన్నదవుతుంది, ఒక్కో అంతస్తుకు ముప్పై ఐదు చదరపు అడుగుల దాకా. పెద్ద నష్టం కాదు.

కానీ హద్దు వదులుకోవడం వేరు, ప్లాను కోసం తక్కువ కొలత చూపించడం వేరు. ఇప్పుడు ఉన్న కొలతతో ప్లాను తెచ్చుకోండి. హద్దు సంగతి సర్వేయరుతో విడిగా కొలిపించుకోండి. ప్రహరీ జరిగిందనే అనుకోకండి, లేఅవుటు వేసినప్పుడే కొలత తప్పి వరస మొత్తం జరిగి ఉండొచ్చు. మీ వరసలో మిగతా ప్లాట్ల లోతు కొలిస్తే తెలిసిపోతుంది.

ఇటుకబట్టీ

అమ్మా, వెనకింటి వాళ్లతో ముందు మాట్లాడండి. రేపు సెప్టిక్ ట్యాంకు తవ్వేటప్పుడు, స్లాబు వేసేటప్పుడు వాళ్ల సాయం కావాలి. ఫిర్యాదు వెళితే పని ఆగేది మీదే.

ఉప్పుగాలి

వరసలో కొలిపించాం. అన్ని ప్లాట్లూ అంతే, ఎవరూ జరపలేదు. మామయ్యగారే స్వయంగా వెనకింటికి వెళ్లి చెప్పొచ్చారు. తగ్గిన కొలతతో డ్రాయింగు మార్చి పెట్టాం. ఫీజు ఇంటిమేషన్ వచ్చింది. బెటర్‌మెంట్, డెవలప్‌మెంట్, ఇంకుడుగుంత, లేబర్ సెస్సు అని చాలా వరసలున్నాయి. లేబర్ సెస్సు దేనికి?

పాతఫైలు

నిర్మాణ వ్యయంలో ఒక శాతం. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధికి వెళుతుంది. మీ ఇంటి మీద పనిచేసే మేస్త్రి, కూలీలు ఆ బోర్డులో నమోదై ఉంటే ప్రమాదం జరిగినప్పుడు సాయం దాన్నుంచే అందుతుంది. వాళ్లకు కార్డులున్నాయో లేదో అడగండి, లేకపోతే నమోదు చేయించుకోమని చెప్పండి. చాలామంది మేస్త్రులకు ఈ సంగతే తెలియదు. ఇంకుడుగుంతకు డబ్బు కట్టి ఊరుకోకండి, నిజంగా తవ్వించండి. వేసవిలో ఆ వైపు బోర్లు ఎలా ఎండిపోతాయో మీకే తెలుసు.

ఉప్పుగాలి

ఫీజు కట్టేశాం. ప్లాను అనుమతి వచ్చింది! నిన్న సాయంత్రం మావారికి ఫోనులో చూపించాను, ఓడలో వాళ్ల స్నేహితులందరికీ చూపించారట. బ్యాంకు వాళ్లు కూడా ఫైలు తీసుకున్నారు. కార్తీకంలో ముహూర్తం పెట్టారు. పునాది తీసేముందు ఇంకేమైనా చేయాలా?

స్కేలూ పెన్సిలూ

శుభం. పని మొదలుపెడుతున్నట్టు నోటీసు ఇవ్వాలి, మీ ఎల్టీపీ ఆన్‌లైన్‌లోనే పెడతారు. అనుమతి నంబరు, తేదీ, విస్తీర్ణం రాసిన బోర్డు సైటు ముందు పెట్టండి. ప్లాను కాపీ ఒకటి సైటులో ఉంచండి, మేస్త్రి చేతిలో కాదు, గోడకు తగిలించి. అనుమతి గడువు ఎప్పుడు ముగుస్తుందో కాగితం మీదే ఉంటుంది, అది లోను కాగితాలతో పాటు రాసిపెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లర్ల మార్కింగు రోజున కాంక్రీటు పోయకముందు ఎల్టీపీని సైటుకు పిలిచి సెట్‌బ్యాకులు టేపుతో కొలిపించండి. పైన స్లాబుకు ముందు ఇంకోసారి. మధ్యలో మేస్త్రి గానీ చుట్టాలు గానీ "ఇక్కడ ఒక అడుగు బయటికి తీద్దాం" అంటే, ప్లాను మార్చి అనుమతి తెచ్చుకున్నాకే తీద్దామని చెప్పండి. ప్రతి దశలో ఫోటోలు తీసి ఉంచుకోండి, ఇనుము కట్టినప్పటివి ముఖ్యంగా. ఓసీ దరఖాస్తులో కొన్ని పనికొస్తాయి, రేపు ఎక్కడైనా గోడలో మేకు కొట్టాలన్నా పనికొస్తాయి.

ఉప్పుగాలి

పని కోసం తాత్కాలిక కరెంటు మీటరు ఎప్పుడు అడగాలి? షాపుకు, ఇంటికి ఒకే మీటరు చాలా?

కంచరపాలెం కుర్రాడు

ప్లాను కాపీతో ఇప్పుడే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో తాత్కాలిక సర్వీసుకు పెట్టేయండి అక్కా. ఇల్లయ్యాక షాపుకు వేరే మీటరు, అది కమర్షియల్ కేటగిరీ. అంతస్తుకో మీటరు కావాలంటే ప్యానల్ బోర్డుకు చోటు మెట్ల కింద ఇప్పుడే చూపించమని మీ ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.